గుడ్లు ఎవరు తిన్నట్టు?

వచ్చే ఆదివారం విశాఖపట్నంలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు నన్ను మాట్లాడమన్నారు. విషయం కూడా వాళ్ళే ఇచ్చారు. హాస్య నవలను సినిమాగా తీసినప్పుడు, అందులో మనుషులు ఎవరికీ నచ్చని రకమైతే సినిమా చెడిపోతుందా అని. నా నవల ఒకటి సినిమా అయింది కనుక దీనిమీద మాట్లాడే అర్హత నాకుందని వాళ్ళ నమ్మకం. సరేనన్నాను. ఎవరు పిలిచినా సరేననడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

మర్నాడు డుంబ్రిగుడ వైపునుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. ఇప్పుడు అతనూ మాస్టారే. కాఫీ పంట గురించి, బదిలీల గురించి మాట్లాడి, పెట్టేసే ముందు, "మాస్టారూ, వంటమ్మ పోయింది తెలుసా? దసరాకి ముందే" అన్నాడు. తెలియదన్నాను. "జొరమే. పాడేరు తీసుకెళ్తామంటే జీపెక్కనంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఉపన్యాసానికి రాసుకున్న కాగితం తీసి చూశాను. అందులో నాలుగు పాయింట్లున్నాయి. నాలుగూ తెలివిగా ఉన్నాయి. ఒక్కటీ నిజం కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాస్తే ఏమైందో చెప్పబోతున్నాను గనుక, రెండోసారి ఆ పని చేయను. హాస్టల్ పిల్లలు వంటమ్మ అనేవాళ్ళు. మేమూ అదే అనేవాళ్ళం.

తొంభైల మొదట్లో నేను ఆ కొండల్లో ఆశ్రమ పాఠశాలకు తెలుగు మాస్టారుగా వెళ్ళాను. ఎస్.కోట దాటి పైకి వెళ్ళడం అదే మొదలు. చేరిన రోజు వంటపాక ముందు ఒకావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి. ముక్కుకి మూడు ముక్కెరలు. నోట్లో చుట్ట ఉందిగానీ నిప్పు కనబడలేదు. నిప్పున్న కొస లోపల పెట్టుకుని, అడ్డపొగ తాగుతోంది. అలా తాగుతూనే మాట్లాడింది కూడా. "కొత్త మాస్టారివా? అన్నం తిన్నావా? నేదా?" అంది. ఆవిడకు అందరూ నువ్వే. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసర్ని కూడా "ఏటి, ఇంత సిక్కిపోనావు, ఇంటికాడ పెట్టరా?" అని అడిగింది. ఆయన ఏమనాలో తెలియక రెండోసారి పప్పు వేయించుకున్నాడు.

నవ్వితే చప్పుడు వచ్చేది కాదు. భుజాలు మాత్రం ఎగిరేవి. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా విని, చుట్ట నోట్లోంచి తీసి, "ఆఁ, అంతేనా?" అనేది. చెప్పినవాడికి తను ఏదో దాచాడని గుర్తొచ్చేది. దాచింది కూడా చెప్పేసేవాడు. తలనొప్పి అని బడి ఎగ్గొట్టిన పిల్లలూ, జీపు దొరకలేదని సోమవారం మధ్యాహ్నం దిగిన మాస్టర్లూ ఆ మాట దగ్గర దొరికిపోయేవాళ్ళు. నేను చాలాసార్లు దొరికాను.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్ళు వేటకెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా దుంగలు పెట్టి, వచ్చేపోయేవాళ్ళను ఆపి పండక్కి చందా అడుగుతారు. వేటకెళ్ళిన వాడు ఉత్తి చేతులతో తిరిగొస్తే పేడనీళ్ళు కుమ్మరిస్తారు, పాటలు కట్టి ఏకుతారు. నాకిదంతా తెలియదు. సెలవుకి ఇంటికెళ్ళి, టెర్లిన్ చొక్కా వేసుకుని, చేతులూపుకుంటూ వచ్చాను. రోడ్డు మీద వంటమ్మ ఆనపబుర్ర నిండా పేడనీళ్ళు పట్టుకుని ఉంది. "మాస్టారు ఏటకెళ్ళి వచ్చినాడర్రా. సేతిలో ఏటీ నేదు" అని అందరికీ వినబడేలా చెప్పి, నెత్తిమీదనుంచి పోసేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం ఆవిడే చొక్కా గెడ్డ నీళ్ళలో ఉతికించి తెచ్చింది. కోడికూర పెట్టింది. నేను మూతి ముడుచుకుని కూర్చుంటే అంది:

"ఏటి మాస్టారూ, కోపమా? పైవోడి మీద పోత్తామేటి? మనోడు గాబట్టి పోత్తాం. తిడతాం, నవ్వుతాం, కడుక్కుని వత్తే కూడు పెడతాం."

తరవాత ఏడెనిమిదేళ్ళు ఇది మర్చిపోయాను. మర్చిపోవాల్సిన అవసరం వచ్చినప్పుడు మర్చిపోయాననడం ఇంకా సబబు.

మా వార్డెన్ గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం కుదరదు. వారానికి రెండుసార్లు పిల్లలకి గుడ్డు పెట్టాలి. ఆయన ఉడికించిన గుడ్లన్నీ ముందు పెట్టుకుని, దారంతో ఒక్కొక్కటీ సగానికి కోసేవాడు. కత్తి వాడితే పచ్చసొన అంటుకుంటుందని దారం. పని చాలా నేర్పుగా చేసేవాడు. పిల్లలకి సగాలు. మిగిలిన సగాలు ఆయన వరండాలో బనీనుతో కూర్చుని మిరియాల పొడి అద్దుకుని తినేవాడు, ఇంకా మిగిలితే టిఫిన్ క్యారేజీలో ఇంటికి. "పూర్తి గుడ్డు పిల్లలకి వేడి చేస్తుంది మాస్టారూ" అనేవాడు, ఎంతో బెంగగా. ఆ మిరియాల పొడి వంటమ్మ కొట్టేది. రోజురోజుకీ ఘాటు పెంచేది. ఆయన కళ్ళనీళ్ళు కారుస్తూ తినేవాడుగానీ మానేవాడు కాదు. ఆవిడ వంటపాక గుమ్మంలో నిలబడి భుజాలెగరేసేది. ఆ చేతుల్లోంచి ఇన్ని గుడ్లు వెళ్ళాయి, ఒక్కటీ ఆవిడ నోట్లోకి పోలేదు. ఆవిడకి దినకూలీ తప్ప ఉద్యోగం లేదు. రేపు రావద్దంటే రాకూడదు. అయినా ఘాటు తగ్గించలేదు.

ఆ వరండా చూస్తూ నేను నవల రాశాను. వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో ఒక్క మంచివాడు లేడు. గుడ్లు తినే వార్డెను, అన్ని రోగాలకూ ఒకటే బిళ్ళ ఇచ్చే కాంపౌండరు, ఇవన్నీ చూస్తూ నోరెత్తని తెలుగు మాస్టారు. ఆ మాస్టార్ని నేనే. నన్ను నేను బాగానే ఏకుకున్నాను. వంటమ్మ ఒక్కతే మిరియాల పొడితో అందరినీ ఏడిపించేది. ఆవిడ పేరైనా మార్చలేదు. చుట్ట, ముక్కెరలు, "అంతేనా" కూడా ఉన్నదున్నట్టు దించాను.

ప్రతి వారం మధ్యాహ్నం వంటపాకలో చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ వినేది. వార్డెన్ పాత్ర ఎక్కడైనా కాస్త మెత్తబడితే వెంటనే పట్టుకునేది. ఒక వారం జాలిపడి, ఆయనకి ఇంటిదగ్గర జబ్బు భార్య ఉన్నట్టు రాశాను.

"ఆఁ, అంతేనా?" అంది.

"పాపం, అతనికీ కష్టాలుంటాయి కదా వంటమ్మా."

"ఉంటే ఉండనీ. కట్టం ఉన్నోడు బడి గుంటల కూడు తింతాడేటి? నాకు కట్టం నేదా? ముందే కడిగేసి మంచోడిని సేసి తెత్తే, మరి నవ్వెలగొత్తాది నాకు? ఎవులి మీద పొయ్యాల పేడనీళ్ళు?"

ఆ జబ్బు భార్యను కొట్టేశాను. నవలలో బాగున్నాయని అందరూ అన్న పేజీలు అలా ఆవిడ చేటపక్కన బాగుపడినవే. ముందుమాటలో ఎంతోమందికి కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడకు చెప్పలేదు. ఆవిడ చదవలేదు కదా అనుకున్నాను కాబోలు.

సినిమా వాళ్ళు తొంభైల చివర్లో వచ్చారు. దర్శకుడు కుర్రవాడు, మర్యాదస్తుడు. అరకులో గెస్ట్‌హౌస్‌కి పిలిచి కాఫీ ఇప్పించాడు. "నవల చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వానండీ" అన్నాడు. నా ఒళ్ళు పొంగింది. తరవాత అన్నాడు: "కానీ ఇందులో ఒక్కడూ నచ్చేవాడు లేడు. పుస్తకమంటే విసుగొస్తే మూసి పక్కన పెడతారు. హాల్లో రెండున్నర గంటలు ఇలాంటి మనుషులతో జనం కూర్చోలేరండీ. వార్డెన్‌ని చివరికైనా మంచివాణ్ణి చెయ్యాలి. ఆయన కఠినంగా కనిపిస్తాడు, లోపల వెన్న. మాస్టారు మరీ పిరికి. అతన్ని హీరో చేద్దాం."

వార్డెన్ సంగతి విన్నప్పుడు నోరు తెరిచాను. మాస్టారు హీరో అనగానే మూసేశాను. దీన్ని అటూ ఇటూ తిప్పి చెప్పడం నాకు రాదు. తెరమీద నాకు ధైర్యం ఇస్తామన్నారు, అనంతగిరి కాఫీ తోటల్లో ఒక పాట ఇస్తామన్నారు, పుచ్చేసుకున్నాను. కొందరిని కొనడానికి డబ్బు కావాలి. నా విషయంలో అదీ అక్కర్లేకపోయింది.

మరి గుడ్లు? వార్డెన్ మంచివాడైతే గుడ్లు ఎవరో ఒకరు దొంగిలించాలి. గుడ్ల దొంగతనం లేకపోతే కథే లేదు. దర్శకుడు ఒక రాత్రిలో తేల్చేశాడు. వంటమనిషి దొంగిలిస్తుంది. వార్డెను నింద తనమీద వేసుకుంటాడు. చివర్లో నిజం బయటపడితే ఆమెను క్షమిస్తాడు. "చాలా టచింగ్‌గా ఉంటుందండీ" అన్నాడు. ఆ సీను నేను రాయలేదు. అందులో మాండలికం సరిగ్గా లేదంటే దిద్ది ఇచ్చానంతే.

షూటింగ్ మా బడిలోనే. వంటమనిషి వేషానికి విశాఖలో నాటకాలు వేసే అమ్మాయిని తెచ్చారు. చుట్ట పట్టుకోవడం రాలేదు, నడక రాలేదు. "అసలావిడ ఇక్కడే ఉందిగా, నేర్పమనండి" అన్నాడు దర్శకుడు నాతో. నేనే వెళ్ళి అడిగాను.

రెండు రోజులు నేర్పింది. అంత సంతోషంగా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. తన చీర ఇచ్చి కట్టించింది, ముక్కెరలు తీసి పెట్టింది. "నాలిక ఎనక్కి లాక్కోవాల గుంటా, బేగి లాగితే కాలిపోతాది" అని అడ్డపొగ చూపించింది. ఆ అమ్మాయి తొందరపడి బేగి లాగనే లాగింది, నాలుక కాల్చుకుంది. వంటమ్మ దానిమీద తేనె రాసి ఊదుతూ కూర్చుంది. "అంతేనా" ఎలా అనాలో నేర్పింది. "ఊరికే అనకు. ఆడు దాసినాడని నీకు తెల్సినట్టు అను." అమ్మాయి అచ్చం అలాగే అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. వంటమ్మ నావైపు తిరిగి అడిగింది.

"మాస్టారూ, ఇదేటి సేత్తాది సినిమాలో? మిరియాలు బాగా ఏత్తాదా?"

సీను కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. "అంతా నవలలో ఉన్నట్టే" అన్నాను.

"ఆఁ, అంతేనా?" అంది.

"అంతే" అన్నాను. ఆ మాటకి నేను దొరకని రోజు అదొక్కటే. ఆవిడ నన్ను నమ్మింది.

సినిమా ఆడింది. గొప్పగా కాదు, పరవాలేదన్నట్టు ఆడింది. వార్డెన్ పాత్ర కంటతడి పెట్టిస్తుందని పేపర్లలో రాశారు. మా వార్డెన్ అది తన కథేనని డుంబ్రిగుడ సంతలో చెప్పుకు తిరిగాడు. రిటైరయినప్పుడు దండ వేస్తే, సినిమాలోలాగే కళ్ళజోడు తీసి ఏడ్చాడు. మిరియాల పొడి లేకుండా ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

దర్శకుడు షూటింగప్పుడు బడికిచ్చిన మాట నిలబెట్టుకుని సినిమా క్యాసెట్ పంపాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బడి హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి, టీవీ పెట్టి వేశారు. వంటమ్మ తన ఊరి ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. "ఆ గుంటకి నానే నేర్పినాను" అని పిల్లలకి ముందే చెప్పింది. ముందు వరసలో కూర్చుంది. నేను గోడవార నిలబడ్డాను. వెళ్ళకుండా ఉండొచ్చు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను.

ఆ అమ్మాయి తెరమీదకు రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నడక, చుట్ట, ముక్కెరలు, అంతా వంటమ్మే. పేరు కూడా అదే. ఆవిడ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. తరవాత తెరమీద ఆ మనిషి అటూ ఇటూ చూసి కొంగులో గుడ్లు మూటకట్టింది. పిల్లలు పడిపడి నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు, అలా నవ్వాలనే తీశారు. వంటమ్మ భుజాలు ఆగిపోయాయి. వార్డెను ఆమె తలమీద చెయ్యి వేసి క్షమించినప్పుడు ఊరి ఆడవాళ్ళలో ఒకావిడ ఏదో అడిగింది, వాళ్ళ భాషలో. వంటమ్మ తెరవైపే చూస్తూ కూర్చుంది. బొమ్మ అయిపోయేదాకా కదల్లేదు.

అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చింది. నోట్లో చుట్ట లేదు.

"ఆడిని మంచోడిని సేసినారు. సేత్తే సేసినారు. మరి గుడ్లు ఎవులు తిన్నట్టు మాస్టారూ?"

"సినిమా కదా వంటమ్మా."

"సినిమాయే. గుడ్లు ఎవులు తిన్నట్టు?"

"నిన్ను చెడ్డగా ఏమీ చూపించలేదు. చివర్లో అతను క్షమిస్తాడు కదా."

"నానేటి సేసినానని?" అంది. గొంతు పెంచలేదు. "దొంగతనం ఆడు సేసినాడు. మాపీ కూడా ఆడే సేసినాడు. నువ్వు సూసినావు. నీకు తెల్సు. ఆ ముక్క నువ్వు రాసినావా?"

"నేను రాయలేదు" అన్నాను.

నావైపు చూసింది. "అంతేనా" అంటుందని ఎదురు చూశాను. అనలేదు.

ఆ తరవాత ఏమైందో చెప్పడానికి పెద్దగా లేదు. ఎవరూ ఆవిణ్ణి తీసెయ్యలేదు. కొత్తగా వచ్చిన ఆఫీసర్ తనిఖీలో నవ్వుతూ, "నువ్వేనా సినిమా ఆవిడవి? గుడ్లు జాగ్రత్త" అన్నాడు. సరదాకే అన్నాడు. సంతలో కుర్రాళ్ళు గుడ్లమ్మ అని పిలవడం మొదలెట్టారు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పారు. అన్నేళ్ళు పిల్లల ముద్దలు కళ్ళతోనే లెక్కపెట్టి, తగ్గినవాడికి కసిరి మరీ పెట్టిన మనిషికి ఆ పేరు మిగిలింది. ఒక సోమవారం నుంచి బడికి రావడం మానేసింది. కొండమీద పొలంలో చోళ్ళు, సామలు పండించుకుంటోందని విన్నాను. వెళ్ళి కలవాలనుకున్నాను. నాకు పాడేరు బదిలీ అయింది. బదిలీ అయిందని సంతోషించాను.

రెండేళ్ళ తరవాత పెళ్ళొకటి ఉండి, ఏప్రిల్‌లో ఆ దారిన జీపులో వస్తున్నాను. వాళ్ళ ఊరి మలుపులో రోడ్డుకడ్డంగా దుంగ. ఇరవైమంది ఆడవాళ్ళు, పాటలు, బకెట్లు. ముందు నిలబడింది ఆవిడే. కాస్త వంగింది. చేతిలో అదే ఆనపబుర్ర. జీపులో ఉన్న ఏడుగురినీ దింపారు. డబ్బులిచ్చిన వాళ్ళమీదా పోశారు, ఇవ్వని వాళ్ళమీదా పోశారు. డ్రైవరుని ముంచెత్తారు. అతను బూతులు తిడుతూ నవ్వుతున్నాడు.

నేను దిగి నిలబడ్డాను. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. దేవుడి మీద ఒట్టు, నాకు ఆ పేడనీళ్ళు కావాలనిపించింది. ఉత్తి చేతులతో వచ్చానని ఆవిడ ఊరందరికీ చెప్పాలి, నెత్తిమీద పొయ్యాలి, నేను కడుక్కుని ఆవిడ గుమ్మంలో కూర్చోవాలి.

ఒక పడుచు నామీదకు బకెట్ ఎత్తింది. వంటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆరిని ఒగ్గీయండి" అంది. తరవాత నావైపు చూసి, ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అంది.

"తవరెల్లండి బాబూ."

దుంగ పక్కకి జరిపించింది. పక్కకి తప్పుకుని, దారి ఇచ్చి నిలబడింది, అధికారి కారు వెళ్తున్నప్పుడు నిలబడినట్టు. జీపులో అందరూ తడిసి, పేడ కంపు కొడుతూ, ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. నేను అంటుకోకుండా ఒక మూలకి సర్దుకున్నాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ చొక్కా చూసి, "పండగ రోజుల్లో ఆ రోడ్డున ఒక్క చుక్క పడకుండా ఎలా వచ్చారు?" అని అడిగింది.

"తెలిసినావిడ ఉంది, వదిలేసింది" అన్నాను.